ఒక సావుకారి సంతకం మీద నడిచిన దేశం

మా నాన్న పల్లికాయ అమ్మి ఇంటికొచ్చిన రోజు అందరి కళ్లూ ఆయన చొక్కా జేబు మీదే ఉండేవి. అందులో చాలాసార్లు డబ్బు ఉండేది కాదు, తక్‌పట్టీ ఉండేది. బస్తాలెన్ని, తూకమెంత, క్వింటాలు ఏ ధరకు పోయింది, హమాలీ కింద, కమిషన్ కింద ఎంత కోశారు, చివరికి రావలసింది ఎంత అన్నదంతా అడ్తి దుకాణం గుమాస్తా బాల్‌పెన్నుతో గట్టిగా నొక్కి రాసేవాడు. కాయితం వెనక్కి తిప్పితే అంకెలు వేలికి తగిలేవి. ఆ డబ్బు చేతికి రావాలంటే వారం, పది రోజులు ఆగాలి. అప్పటికప్పుడు కావాలంటే నూటికి రెండు రూపాయలు కోసుకుని ఇచ్చేవాళ్లు. మాది దేవరకొండ వైపు ఒక చిన్న ఊరు. అక్కకు హాస్టల్ ఫీజు కట్టాల్సిన ఏడు నాన్న ఆ కోతకు ఒప్పుకుని వచ్చాడు. ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

ఇంకో ఏడు మాత్రం ఒప్పుకోలేదు. తక్‌పట్టీ తీసుకెళ్లి ఊళ్లో కిరాణం సేటుకు చూపించి, నూనె, పప్పు ఉద్దెర అడిగాడు. సేటు ముందుగా అంకె చూడలేదు. కాయితం పైన అచ్చయిన దుకాణం పేరు చూశాడు. "వీళ్ల పట్టీయేనా? అయితే తీస్కపో" అన్నాడు.

ప్రభుత్వ రుణం, బాండ్లు, కేంద్ర బ్యాంకు లాంటి మాటలు చదివినప్పుడల్లా నాకు ఆ దుకాణం అరుగే గుర్తుకొస్తుంది. కాయితం మీద పేరు ఎవరిది? ఆ పేరు వెనక ఏముంది? 1781లో అమెరికా అనే కొత్త దేశం ఈ ప్రశ్న దగ్గరే ఇరుక్కుంది. దాన్ని గట్టెక్కించిన మనిషి ఆ గడ్డ మీద పుట్టినవాడు కాదు. పదమూడేళ్ల వయసులో ఇంగ్లండు నుంచి వచ్చి, ఒక వ్యాపార సంస్థలో పని నేర్చుకునే కుర్రాడిగా మొదలై, చివరికి ఆ దేశం ఖజానా తాళం చేతబట్టిన రాబర్ట్ మోరిస్. వాషింగ్టన్, జెఫర్సన్ పేర్లు మన బడిపిల్లలకూ తెలుసు. ఈయన పేరు మాత్రం ఎక్కడో అడుగున ఉండిపోయింది. ఒక దేశానికి పరపతి ఎలా పుడుతుందో, ఆ పరపతి వల్ల ఎవరు బాగుపడతారో అర్థం చేసుకోవాలంటే ఈయన కథకు మించినది నాకు కనపడలేదు.

మోరిస్ 1734లో లివర్‌పూల్‌లో పుట్టాడు. తండ్రి ఆ తర్వాత అమెరికాలో మేరీలాండ్‌లోని ఆక్స్‌ఫర్డ్ అనే రేవు ఊరికి చేరి, ఒక లివర్‌పూల్ వ్యాపార సంస్థ తరఫున పొగాకు కొనేవాడు. మన భాషలో చెప్పాలంటే అడ్తిదారే. రైతు పొగాకు తెచ్చి వేస్తాడు, బదులుగా బట్ట, ఇనుప సామాను ఉద్దెర తీసుకుంటాడు, లెక్క ఖాతాలో నడుస్తుంది. ఆ రోజుల్లో మేరీలాండ్‌లో పొగాకును తనిఖీ గోదాముల్లో పెట్టి రసీదులు ఇచ్చేవాళ్లు. ఆ రసీదులే చేతులు మారుతూ డబ్బులా చెలామణీ అయ్యేవి. కుర్రవాడు మోరిస్ కళ్లు తెరిచి చూసిన మొదటి డబ్బు అలాంటి కాయితమే అయ్యుంటుందని నా ఊహ.

1750లో తండ్రి పోయాడు. ఓడ మీద గౌరవార్థం పేల్చిన ఫిరంగిలోంచి వచ్చిన గుడ్డముద్ద తగిలి, గాయం విషమించి చనిపోయాడు. పదహారేళ్ల పిల్లవాడు పరాయి దేశంలో ఒంటరి అయ్యాడు. అప్పటికే ఫిలడెల్ఫియాలో చార్లెస్ విల్లింగ్ అనే వర్తకుడి దగ్గర పనికి కుదిరి ఉన్నాడు. 1757 నాటికి ఆ ఇంటి కొడుకు థామస్ విల్లింగ్‌తో కలిసి వాటాదారు అయ్యాడు. విల్లింగ్ అండ్ మోరిస్ సంస్థ పిండి, చక్కెర, పొగాకు ఓడల్లో అటూ ఇటూ నడిపింది. బానిసలను తెచ్చి అమ్మే వ్యాపారంలో కూడా చెయ్యి పెట్టింది. ఈ మాట దాటేసి మోరిస్‌ను పొగడటం నాకు చేతకాదు. ఆయన పేరుకు వచ్చిన బరువులో ఆ మనుషుల అమ్మకం కూడా ఒక భాగం.

ఇక అసలు చిక్కు. 1775లో బ్రిటన్ మీద యుద్ధం మొదలైంది. పదమూడు రాష్ట్రాలు కలిసి కాంగ్రెస్ పెట్టుకున్నాయి, సైన్యం పెట్టుకున్నాయి. కానీ ఆ కాంగ్రెస్‌కు పన్ను వేసే అధికారం లేదు. బ్రిటిష్ పార్లమెంటు పన్నుల మీద కోపంతో లేచిన జనం, ఇంకో కొత్త పార్లమెంటు చేతికి అదే కొరడా ఇవ్వడానికి ఎందుకు ఒప్పుకుంటారు? వాళ్ల భయం న్యాయమైనదే. అయితే సైన్యానికి తిండి, బట్ట, మందుగుండు కావాలి. కాంగ్రెస్ నోట్లు అచ్చు వేసింది. 1779 చివరికి సుమారు 20 కోట్ల డాలర్ల నోట్లు వీధుల్లో తిరుగుతున్నాయి. వెనక ఏమీ లేదు. 1780 మార్చిలో కాంగ్రెస్ తానే 40 కాగితపు డాలర్లకు ఒక వెండి డాలర్ అని లెక్క కట్టింది. బజారులో అంతకంటే హీనంగా ఉండేది.

రాష్ట్రాలను అడిగితే? అడిగారు. డబ్బు ఇవ్వలేకపోతే పిండి, మాంసం, మేత ఇవ్వమన్నారు. మన దగ్గర నిజాం కాలం చివర్లో లెవీ ధాన్యం వసూలు గురించి నల్లగొండ ముసలివాళ్లు చెబితే వినే ఉంటారు. అది బలవంతపు వసూలు, ఇది బతిమాలుకునే వసూలు. ఒక రాష్ట్రంలో పిండి మూలుగుతుంటుంది, సైన్యం ఇంకో చోట ఉంటుంది, మధ్యలో బండి కట్టేవాడికి కిరాయి లేదు. సరుకు అక్కడే పాడైపోతుంది.

పన్ను చెయ్యి లేని ప్రభుత్వం సావుకారి గుమ్మం ముందు నిలబడటం అంటే ఏమిటో మన నేలకు కూడా తెలుసు. 19వ శతాబ్దం మొదటి భాగంలో హైదరాబాద్ రాజ్యం అదే స్థితిలో ఉండేది. నిజాం మంత్రి చందూలాల్ కాలంలో వడ్డీ వ్యాపారం చేసే పామర్ కంపెనీ దగ్గర, ఆ తర్వాత సావుకార్ల దగ్గర అప్పులు తెచ్చి, వాటికి బదులు జిల్లాల శిస్తునే రాసిచ్చేవాళ్లు. ఇంగ్లీషువాళ్ల కంటింజెంట్ సైన్యం ఖర్చు బాకీ పెరిగి పెరిగి, 1853లో బేరారు ప్రాంతాన్నే అప్పగించాల్సి వచ్చింది. అదే ఏడు దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ శిస్తు గుత్తేదార్లను తప్పించి, వసూలును నేరుగా ప్రభుత్వ ఖజానాకు మళ్లించడంతో పరపతి మెల్లగా తిరిగొచ్చింది. అక్కడా ఇక్కడా మూలం ఒకటే: అప్పు ఇచ్చేవాడు అడిగేది నీ మంచితనం గురించి కాదు, నీకు వచ్చే ఆదాయం గురించి.

1781 ఫిబ్రవరి 20న కాంగ్రెస్ మోరిస్‌ను ఆర్థిక వ్యవహారాల అధిపతిగా ఎన్నుకుంది. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. రెండు షరతులు పెట్టాడు. నా సొంత వ్యాపారం నేను మానను. ప్రభుత్వ సొమ్ము ముట్టుకునే ఎవరినైనా తీసేసే అధికారం నాకు ఉండాలి. కాంగ్రెస్‌లో చాలామందికి ఇది మింగుడు పడలేదు, కానీ వేరే దారి లేదు. రెండూ ఒప్పుకున్నారు. సొంత గల్లా, దేశం గల్లా ఒకే మనిషి చేతిలోకి వచ్చాయి. మోరిస్ గురించి మంచి చెప్పినా చెడు చెప్పినా మొదలు ఇక్కడే.

ఎందుకంటే ఆయన చేసిన మొదటి పని తన సొంత పేరును దేశానికి అప్పు ఇవ్వడం. కాంగ్రెస్ నోటు ఎవరూ తీసుకోవడం లేదు. సరే, నా సంతకంతో నోటు ఇస్తాను, డబ్బు అందకపోతే నన్ను అడగండి అన్నాడు. జనం వాటికి పేర్లు కూడా పెట్టుకున్నారు. గడువు ఎక్కువ ఉన్నవి పొడుగు బాబ్‌లు, త్వరగా చెల్లేవి పొట్టి బాబ్‌లు. బాబ్ అంటే రాబర్ట్‌కు ముద్దుపేరు. ఈ నోట్లు వెండితో దాదాపు సమానంగా చెల్లాయి. మా ఊరి కిరాణం సేటు చూసిందే అక్కడి వర్తకులూ చూశారు: పైన అచ్చయిన పేరు.

అదే ఏడు వాషింగ్టన్ సైన్యం బ్రిటిష్ సైన్యం ఉన్న యార్క్‌టౌన్ వైపు నడుస్తోంది. సైనికులు జీతం లేక రగిలిపోతున్నారు. మోరిస్ ఫ్రెంచి సేనాని రొషాంబో దగ్గర 20 వేల వెండి డాలర్లు అప్పు తెచ్చాడు. ఆ సైనికుల చేతికి ఒక నెల జీతం నాణేల్లో అందింది. చాలామంది కొలువులో చేరాక నాణెం కళ్ల చూడటం అదే మొదలు. పిండి, మాంసం సరఫరాకు రాష్ట్రాలను బతిమాలడం మానేసి, టెండరు పిలిచి కాంట్రాక్టుకు ఇచ్చాడు. వ్యాపారి బుర్ర అంటే ఇదే. సరుకు ఎక్కడ చౌక, బండి కిరాయి ఎంత, ఎవడు మాట నిలబెడతాడు అన్నది ఆయనకు కంఠతా వచ్చు.

తర్వాత బ్యాంకు. దీన్ని కొంచెం నింపాదిగా చూడాలి. బ్యాంక్ ఆఫ్ నార్త్ అమెరికాకు 1781 డిసెంబర్ 31న కాంగ్రెస్ చార్టర్, అంటే నడపడానికి అధికార పత్రం, ఇచ్చింది. 1782 జనవరి 7న ఫిలడెల్ఫియాలో తలుపులు తెరిచింది. అధ్యక్షుడు పాత వాటాదారు థామస్ విల్లింగ్. మూలధనం 4 లక్షల డాలర్లు అనుకున్నారు. జనం వాటాలుగా కట్టింది సుమారు 70 వేలు. మిగతాది ఎక్కడిది? ఫ్రాన్సు రాజు పంపిన వెండి ఓడలో బోస్టన్‌కు చేరితే, దాన్ని ఎడ్ల బండ్ల మీద ఫిలడెల్ఫియాకు తోలుకొచ్చారు. అందులోంచి సుమారు రెండున్నర లక్షలు ప్రభుత్వ వాటాగా మోరిస్ బ్యాంకులో వేశాడు. ఆపైన అదే బ్యాంకు దగ్గర ప్రభుత్వం కోసం అప్పు తీసుకున్నాడు. మొదటి ఆరు నెలల్లోనే 4 లక్షల డాలర్లు. వేసింది రెండున్నర, తీసింది నాలుగు!

ఇదేం మాయ అనిపిస్తుంది. కొంత మాయే, కానీ మోసం కాదు. బ్యాంకులో వెండి ఉంది, ఎప్పుడడిగినా ఇస్తాం అని రాసిన నోట్లు బయట తిరుగుతాయి. అందరూ ఒకే రోజు వచ్చి వెండి అడగరు కాబట్టి, ఉన్న వెండి కంటే ఎక్కువ నోట్లు నడుస్తాయి. చిట్టీ నడిపే మనిషి మీద నమ్మకం ఉన్నంతసేపు ఎవరూ పరుగెత్తుకు రారు, నమ్మకం పోయిన సాయంత్రం అందరూ గుమ్మం ముందే ఉంటారు. మోరిస్‌కు ఇది బాగా తెలుసు. అందుకే ఈ ఏర్పాట్లన్నీ వాన తగ్గేదాకా పట్టిన గొడుగే అనీ, అసలు ఇల్లు కట్టాలంటే పన్ను కావాలనీ ఆయన గొంతు చించుకుని చెప్పాడు.

1782 జూలై 29న కాంగ్రెస్‌కు ఆయన పంపిన నివేదికలో ఈ వాదన అంతా ఉంది. దిగుమతుల మీద సుంకం, భూమి పన్ను, తలసరి పన్ను, సారా మీద పన్ను వేయండి. ఆ రాబడిని అప్పు మీద మిత్తి కట్టడానికే కేటాయించండి. మిత్తి తప్పకుండా అందుతుంటే అసలు కోసం ఎవరూ వెంటపడరు. పైగా ఆ రుణ పత్రం ఒక ఆస్తి అవుతుంది, దాన్ని చూపించి వ్యాపారానికి ఇంకో అప్పు తెచ్చుకోవచ్చు, పత్రం ఉన్న ప్రతివాడూ ఈ దేశం నిలబడాలనే కోరుకుంటాడు. ఇప్పుడు మనం పేపర్లో చదివే ప్రభుత్వ బాండ్ల లెక్క కూడా ఇదే. పల్లెలో మిత్తి వ్యాపారం చేసే ఎవరికైనా ఇందులో మొదటి సగం తెలుసు. రెండో సగం, అంటే అప్పే ఆస్తి కావడం, మోరిస్ దేశం మొత్తానికి వర్తింపజేయాలనుకున్నాడు.

అది ఆయన కాలంలో జరగలేదు. దిగుమతుల మీద నూటికి ఐదు సుంకం వేయడానికి పదమూడు రాష్ట్రాలూ ఒప్పుకోవాలి. అన్నిటికంటే చిన్నదైన రోడ్ ఐలాండ్ 1782 నవంబర్‌లో కుదరదంది. తర్వాత వర్జీనియా కూడా ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంది. అంతే, మొత్తం పథకం పడిపోయింది. మన జీఎస్టీ కౌన్సిల్‌లో నిర్ణయానికి నాలుగింట మూడు వంతుల ఓటు చాలు, ఒక్క రాష్ట్రం అడ్డం తిరిగితే ఆగదు. అక్కడ ఆ ఒక్కటే చాలింది. రాష్ట్రాలతో మాట్లాడటం చచ్చినవాళ్లకు బోధ చేయడంలా ఉందని మోరిస్ విసుక్కున్నాడు.

ఆ విసుగుకు మూల్యం చెల్లించింది ఎవరు? సైనికులు. నాకు ఈ కథలో అన్నిటికంటే బాధ కలిగించే భాగం ఇదే. 1783లో యుద్ధం ముగిసింది, సైన్యాన్ని ఇళ్లకు పంపాలి, ఏళ్ల తరబడి జీతం బాకీ. కనీసం మూడు నెలలది ఇద్దామని మోరిస్ మళ్లీ తన సంతకంతో నోట్లు తయారు చేయించాడు. వేల నోట్ల మీద స్వయంగా సంతకం పెట్టాలి. కాయితం ఆలస్యం, సంతకం ఆలస్యం. నోట్లు చేరేసరికి చాలామంది ఖాళీ జేబుల్తో కాలినడకన ఊళ్లకు బయలుదేరారు. జూన్‌లో కొందరు సైనికులు తుపాకులతో ఫిలడెల్ఫియాలో కాంగ్రెస్ భవనాన్ని చుట్టుముట్టారు. కాంగ్రెస్ ఊరు విడిచి ప్రిన్స్‌టన్‌కు పోయింది.

మిగతా బాకీకి పత్రాలు ఇచ్చారు. ప్రభుత్వం ఇంత ఇవ్వవలసి ఉంది అని రాసిన కాయితాలు, తక్‌పట్టీల్లాంటివే. కానీ ఎప్పుడిస్తారో రాయలేదు. ఊరికి వెళ్లిన సైనికుడికి విత్తనం కావాలి, పిల్లలకు తిండి కావాలి, పాత అప్పు ఉంది. డాలరు పత్రాన్ని పన్నెండు, పదిహేను సెంట్లకు అమ్ముకున్నారు. మా నాన్న నూటికి రెండు కోతకే అన్నం తినలేకపోయాడు. వాళ్లది నూటికి ఎనభై అయిదు.

ఆ పత్రాలు కొన్నది పట్నాల్లో డబ్బున్నవాళ్లు. ఈ మాట వచ్చినప్పుడు మోరిస్ ఎటు నిలబడ్డాడో ఆయన నివేదికే చెబుతుంది. మొదట పత్రం పొందినవాడికి, తర్వాత కొన్నవాడికి తేడా చూపకూడదన్నాడు. సొమ్ము దాన్ని బాగా పెంచగలిగినవాళ్ల చేతుల్లోకి చేరడం దేశానికి మంచిదే అన్నాడు. వ్యాపార నీతి ప్రకారం మొదటి మాటలో బలం ఉంది. తక్‌పట్టీ చేతులు మారినంత మాత్రాన దుకాణం తక్కువ ఇస్తానంటే రేపు ఆ పట్టీ ఎవరూ కొనరు. రెండో మాట మాత్రం నేను ఒప్పుకోను. ఆకలి వల్ల అమ్ముకున్న కాయితాన్నీ, లాభం కోసం కొన్న కాయితాన్నీ ఒకే త్రాసులో వేసినప్పుడు తూకం సరిగ్గా ఉన్నట్టు కనపడుతుంది, అంతే. పరపతి నిలబెట్టడం ప్రభుత్వం పని అయితే, దాని కోసం రక్తం ఓడ్చినవాడి వాటా చూడటం కూడా ప్రభుత్వం పనే.

మోరిస్ 1784 నవంబర్‌లో పదవి వదిలేశాడు. కానీ ఆయన వేసిన బాట మీదే దేశం నడిచింది. 1787లో రాజ్యాంగం రాయడానికి ఫిలడెల్ఫియాలో కూడినప్పుడు వాషింగ్టన్ బస చేసింది మోరిస్ ఇంట్లోనే. ఆ రాజ్యాంగంలో కాంగ్రెస్ అధికారాల జాబితాలో మొట్టమొదటిది పన్ను వేయడం. 1789లో ఆర్థిక మంత్రి పదవి ఇస్తానని వాషింగ్టన్ అడిగితే మోరిస్ అలెగ్జాండర్ హామిల్టన్ పేరు చెప్పాడని అంటారు. హామిల్టన్ కూడా బయటి నుంచి వచ్చినవాడే, కరీబియన్ దీవిలో వర్తకుడి దగ్గర గుమాస్తాగా పెరిగినవాడే. మితిమీరని జాతీయ రుణం ఒక వరం అని 1781లోనే మోరిస్‌కు ఉత్తరం రాశాడు. 1790లో ఆయన పెట్టిన రుణ ప్రణాళికలో మోరిస్ నివేదిక ఛాయ ప్రతి పుటలో ఉంది.

అప్పుడు ప్రతినిధుల సభ సభ్యుడు జేమ్స్ మాడిసన్ ఒక సవరణ తెచ్చాడు. పత్రం కొన్నవాడికి బజారు ధర ఇద్దాం, మిగిలిన తేడా మొదట దాన్ని సంపాదించుకున్న సైనికుడికి ఇద్దాం అన్నాడు. 1790 ఫిబ్రవరి 22న ఓటు పెట్టారు. 36 మంది వద్దన్నారు, 13 మంది కావాలన్నారు. లెక్క తేల్చడం కష్టం, ఎవరు ఎవరికి అమ్మారో రికార్డు లేదు అని కారణాలు చెప్పారు. కొంత నిజమే కావచ్చు. కానీ ఓటు వేసినవాళ్లలో కొందరి దగ్గరే ఆ పత్రాలు ఉన్నాయి.

మోరిస్ సొంత కథ తర్వాత పదేళ్లలో తలకిందులైంది. సెనేటర్‌గా ఉంటూనే భూములు కొనడం మొదలుపెట్టాడు. వలసలు పెరుగుతాయి, భూమి ధర పెరుగుతుంది అనే ఒక్క నమ్మకం మీద లక్షల ఎకరాలు అప్పు తెచ్చి కొన్నాడు. 1795లో ఇద్దరు భాగస్వాములతో పెట్టిన నార్త్ అమెరికన్ ల్యాండ్ కంపెనీ కింద సుమారు 60 లక్షల ఎకరాలు. మన హైవేల పక్క వెంచర్ల కాలం చూసినవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. బయానా ఇచ్చి ఇంకొకరికి అమ్మే లెక్క, కొనేవాడు ఆగిన రోజు మొత్తం ఆగిపోతుంది. యూరప్‌లో యుద్ధం వల్ల అక్కడి డబ్బు రాలేదు. మోరిస్ మళ్లీ తన సంతకంతో నోట్లు ఇచ్చాడు. అదే చెయ్యి, అదే సంతకం, 1782లో వెండితో సమానంగా చెల్లింది. ఇప్పుడు వెనక ఆదాయం లేదు. ఆ నోట్లు డాలరుకు కొన్ని సెంట్లకు పడిపోయాయి.

1798 ఫిబ్రవరిలో అప్పులవాళ్లు ఆయన్ను ఫిలడెల్ఫియాలోని ప్రూన్ వీధి జైలుకు పంపించారు. అప్పు సుమారు 30 లక్షల డాలర్లు. అదే ఏడు ఊరికొచ్చిన వాషింగ్టన్ జైలుకు వెళ్లి ఆయనతో కలిసి భోజనం చేశాడు. అక్కడే ఖైదీగా ఉన్న ఒకతను తర్వాత రాసినదాని ప్రకారం, మోరిస్ రోజూ జైలు ఆవరణ చుట్టూ నడిచేవాడట. లెక్క తప్పకుండా చేతిలో గులకరాళ్లు పట్టుకుని, చుట్టు పూర్తయినప్పుడల్లా ఒక రాయి కింద వేసేవాడట. 1800లో దివాలా చట్టం వచ్చాక, 1801 ఆగస్టులో బయటకు వచ్చాడు. 1806లో చనిపోయాడు.

ఆయన వీలునామాలో పంచడానికి పెద్దగా ఏమీ లేదు. తన బంగారు గడియారాన్ని కొడుకు రాబర్ట్‌కు ఇచ్చాడు. అది మా నాన్నది, ఆయన పోయినప్పుడు నాకు వచ్చింది, అప్పటి నుంచి జాగ్రత్తగా దాచుకున్నాను అని అందులో రాయించాడు.